నీలాపనిందలు - ఒక అక్షరం తేడా



చవితి వస్తోందంటే ముఐథర్‌లోని మన ఇళ్లలో ఎంత హడావుడి ఉంటుందో అందరికీ తెలిసిందే. పండుగ పనిరోజున పడితే తెల్లవారుజామునే పూజ ముగించుకొని డ్యూటీకి పరుగెత్తేవారు కొందరు, సాయంత్రం వచ్చి దీపం పెట్టేవారు కొందరు. ఇరవై ఒక్క రకాల పత్రిలో ఐదారు దొరికితే సంతోషిస్తాం, మిగతా వాటికి అక్షింతలతో సరిపెడతాం. ఎంత తొందరలో ఉన్నా ఒక పని మాత్రం ఎవరూ మానరు. చేతిలో అక్షింతలు పట్టుకొని శమంతకమణి కథ వింటాం. వినకపోతే, పొరపాటున చంద్రుణ్ణి చూస్తే, నీలాపనిందలు వస్తాయని మన పెద్దల మాట.

నీలాపనింద అంటే చేయని తప్పుకు మోయవలసి వచ్చే నింద. వ్రతకథలో అలాంటి నిందలు రెండు ఉన్నాయి. మొదటిది సప్తర్షుల భార్యల మీద పడింది. తాము చేయని తప్పుకు భర్తలే వారిని అనుమానించి దూరం పెట్టారు. రెండోది సాక్షాత్తు శ్రీకృష్ణుడి మీద పడింది. శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడని ఊరంతా చెప్పుకుంది. ఈ కథ మనం ఏటా వింటాం. మన మీద నింద పడకూడదని వింటాం. మనం ఇంకొకరి మీద వేయకూడదని కూడా వింటున్నామా అన్నదే ఈసారి మేము మీ ముందు ఉంచదలచిన ప్రశ్న.

దీనికి కారణం మనలోనే జరిగిన ఒక సంగతి. ఆ కుటుంబం అనుమతితోనే, పేరు లేకుండా రాస్తున్నాము. మన వ్రతాలకూ భజనలకూ అందరికంటే ముందు వచ్చే ఒక సోదరికి కొంతకాలం క్రితం క్యాన్సర్ అని తేలింది. మొదటి వారం ఫోన్లు చేశాం, పండ్లు పట్టుకెళ్లాం. ఆ తరువాత వంటగదుల్లో మాటలు మొదలయ్యాయి. "ఏ జన్మలో ఏం చేసుకుందో" అని ఒకరు, "ఎవరి ఉసురు తగిలిందో" అని ఇంకొకరు, "ఆ ఏడు వ్రతం మధ్యలో ఆపేసింది కదా" అని మరొకరు. పసుపు కుంకుమలకు పిలిచే జాబితాలో ఆవిడ పేరు ఎలా జారిపోయిందో ఎవరూ చెప్పలేరు. నిరుడు చవితికి ఆవిడ రాలేదు. మాలో ఇద్దరు వెళ్లి అడిగితే ఆవిడ అన్న మాట ఇది: "నొప్పికి మందు ఇస్తున్నారు. నేనేం పాపం చేశానా అని రాత్రంతా లెక్కపెట్టుకుంటుంటే దానికి మాత్రం మందు లేదు."

ఆ మాటలు అన్నవారిలో మేమూ ఉన్నాం. అనకుండా విని ఊరుకున్నవారిలోనూ మేమే ఉన్నాం. అందుకే ఈ వ్యాసం.

రోగం పాపఫలమా? ఈ ప్రశ్న తేలికైనది కాదు. కర్మసిద్ధాంతం మన ధర్మానికి పునాది. దాన్ని కాదనడం మా ఉద్దేశం కాదు. అయితే నింద పడినప్పుడు శ్రీకృష్ణుడు ఏం చేశాడో ముందు చూద్దాం. ఆయన కోప్పడలేదు, వాదించలేదు. అడవికి బయలుదేరాడు. ప్రసేనుడి కళేబరం కనిపించింది, పక్కన సింహం అడుగులు. ఆ జాడ పట్టుకొని వెళితే చచ్చిన సింహం, అక్కడి నుంచి భల్లూకం అడుగులు. చివరికి జాంబవంతుని గుహ. అసలు ఏం జరిగిందో అడుగు అడుగునా వెతికి తెలుసుకోవడమే నిందకు ఆయన ఇచ్చిన జవాబు.

క్యాన్సర్ విషయంలో కూడా అలా జాడ పట్టుకొని వెళ్లినవారు ఉన్నారు. వారిలో ఒకరు మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొని అమెరికా వెళ్లిన అణుజీవశాస్త్రవేత్త డాక్టర్ ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు. 1980ల ఆరంభంలో ఆయన అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో పనిచేస్తున్నారు. ఒక వృద్ధురాలి మూత్రాశయంలో పెరిగిన కణితి నుంచి తీసి, ప్రయోగశాలల్లో పెంచుతూ వచ్చిన కణాలు అప్పటికే ఉన్నాయి. వాటికి టి24 అని పేరు. ఆ కణాల్లోని ఒక జన్యువును మామూలు కణాల్లోకి పంపితే అవి కూడా అదుపు తప్పి పెరిగేవి. అదే జన్యువు ఆరోగ్యంగా ఉన్నవారి కణాల్లోనూ ఉంది, వారికి ఏ హానీ చేయడం లేదు. మరి రెండింటికీ తేడా ఏమిటి?

రెడ్డి గారు, ఆయనతో పనిచేసిన రేనాల్డ్స్, శాంటోస్, బార్బసిడ్ కలిసి రెండు జన్యువులనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివారు. 1982 నవంబరులో నేచర్ పత్రికలో ఫలితం ప్రకటించారు. తేడా ఒకే ఒక్క అక్షరం. జి అనే అక్షరం ఉండవలసిన చోట టి ఉంది. దానివల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో పన్నెండవ స్థానంలో గ్లైసిన్‌కు బదులు వాలిన్ వచ్చి కూర్చుంది. అదే ఏడాది రాబర్ట్ వైన్‌బర్గ్, మైఖేల్ విగ్లర్ బృందాలు కూడా విడివిడిగా ఇదే సంగతి కనుగొన్నాయి. మనిషి క్యాన్సర్‌కు సంబంధించిన జన్యువులో ఫలానా చోట ఫలానా మార్పు అని వేలు పెట్టి చూపించడం అదే మొదలు.

ఆ ఒక్క అక్షరం అంత పని ఎలా చేస్తుంది? ఈ జన్యువు పేరు రాస్. అది తయారుచేసే ప్రోటీను మన ఇంటి కాలింగ్ బెల్ లాంటిది. శరీరంలో ఎక్కడైనా గాయమైతే, పాత కణాల స్థానంలో కొత్తవి కావలసివస్తే, బయటి నుంచి ఒక కబురు వచ్చి కణం గుమ్మం దగ్గర ఆగుతుంది. రాస్ ఆ కబురు అందుకొని లోపల గంట మోగిస్తుంది. కణం పెరిగి రెండుగా విడిపోతుంది. పని అయ్యాక రాస్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగడం కూడా దాని పనిలో భాగమే. పన్నెండవ స్థానంలో మార్పు వచ్చిన రాస్‌కు గంట మోగించడం వచ్చు, ఆపడం రాదు. బయట ఎవరూ లేకపోయినా గంట మోగుతూనే ఉంటుంది. లోపలి కణం ఎవరో వచ్చారనుకొని పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, రాస్ మనకు శత్రువు కాదు. అది లేకపోతే తల్లి కడుపులో శిశువు పెరగదు, మన గాయం మానదు. క్యాన్సర్ కణం బయటి నుంచి వచ్చిన భూతం కాదు. మన కణమే, చాలు అన్న మాట వినలేని స్థితిలో చిక్కుకుంది. రెండు, ఒక్క మార్పుతోనే సాధారణంగా క్యాన్సర్ రాదు. ఏళ్ల తరబడి అలాంటివి మరికొన్ని కలిసిరావాలి. మనుషుల క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒకదానిలో రాస్ జన్యువుల్లో ఏదో ఒక దానిలో మార్పు కనిపిస్తుంది. మిగతా వాటిలో వేరే జన్యువులు ఉంటాయి.

అక్షరం ఎందుకు మారుతుంది? ఒక కణం విడిపోయే ప్రతిసారీ సుమారు 600 కోట్ల అక్షరాలకు నకలు రాసుకోవాలి. తప్పులు దిద్దే ఏర్పాట్లు కణంలోనే ఉన్నాయి. అయినా ఎక్కడో ఒకటి రెండు మిగిలిపోతాయి. రామకోటి ఎంత శ్రద్ధగా రాసినా ఎక్కడో చేయి తడబడినట్టే. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన తొమసెట్టి, వోగెల్‌స్టీన్ 2015లో ఒక సంగతి చూపించారు. శరీరంలో ఏ భాగంలో మూలకణాలు ఎక్కువసార్లు విడిపోతాయో, ఆ భాగానికి క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా ఎక్కువగానే ఉంటోంది. ఇందులో యాదృచ్ఛికం ఎంత, పరిసరాల ప్రభావం ఎంత అన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ జరిగింది. అయితే కొంత భాగం కేవలం నకలు రాయడంలో దొర్లిన తప్పేనన్నది అందరూ ఒప్పుకునే మాట. ఆ తప్పు దొర్లేటప్పుడు ఆ మనిషి వంట చేస్తుండవచ్చు, నిద్రపోతుండవచ్చు, మన పక్కన కూర్చొని లలితా సహస్రనామం చదువుతూ ఉండవచ్చు.

మనలో పెద్దలు ఒకరు ఇలా అడగవచ్చు: "అక్షరం మారింది, సరే. ఆవిడ కణంలోనే ఎందుకు మారాలి? నా కణంలో ఎందుకు మారలేదు? అదే కదా ప్రారబ్ధం?"

న్యాయమైన ప్రశ్న. సైన్సు దీన్ని కొట్టివేయలేదు, ఎందుకంటే జన్మజన్మల లెక్క దాని పరిధిలోది కాదు. కానీ ఆ లెక్క మన పరిధిలోది కూడా కాదు. కర్మ గతిని తెలుసుకోవడం బహు కష్టమని భగవద్గీత నాల్గవ అధ్యాయంలో శ్రీకృష్ణుడే చెప్పాడు. అర్జునుడంతటివాడికి చెప్పిన మాట అది. దోహాలో ఉద్యోగం చేసుకుంటూ, వారానికోసారి కలుసుకునే మనం, పక్కింటి ఆవిడ గత జన్మల ఖాతా తెరిచి చదివేశామనుకుంటే, నమ్ముతున్నామంటున్న సిద్ధాంతాన్నే మనం ధిక్కరించినట్టు. కర్మ మీద నమ్మకం ఉన్నవాడు ఎదుటివారి కర్మ గురించి నోరు మూసుకోవాలి. తన చేతిలో ఉన్న కర్మ గురించి మాత్రం కళ్లు తెరుచుకోవాలి. రోగి ఎదుట నిలబడినప్పుడు నా చేతిలో ఉన్న కర్మ ఏమిటి? ఆస్పత్రికి కారులో దిగబెట్టడం, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడం, పథ్యానికి తగ్గట్టు వండి పంపడం. ఆవిడ పూర్వజన్మ నా చేతిలో లేదు.

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్య మహర్షి కథ ఉంది. దొంగలు దాచిన సొమ్ము ఆశ్రమంలో దొరికితే, మౌనవ్రతంలో ఉన్న ఆ ముని దోషి అనుకొని రాజు కొరత వేయించాడు. ఆయన తరువాత యమధర్మరాజు దగ్గరికి వెళ్లి నా తప్పేమిటని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను గడ్డిపరకతో గుచ్చావని ధర్ముడు సమాధానం చెప్పాడు. మాండవ్యుడు తల వంచి ఊరుకోలేదు. తెలియని వయసులో చేసిన దానికి ఇంత శిక్షా అని ధర్మదేవతనే తప్పుపట్టి, మనిషిగా పుట్టమని శపించాడు. ఆ ధర్ముడే విదురుడు. పధ్నాలుగేళ్లు నిండే వరకు పిల్లలకు పాపం అంటదని ఆ రోజే మాండవ్యుడు కట్టడి చేశాడు. శిక్షకూ తప్పుకూ పొంతన లేనప్పుడు సాక్షాత్తు ధర్ముణ్ణే ప్రశ్నించవచ్చని మన ఇతిహాసమే చెబుతోంది. అలాంటి సంప్రదాయంలో పుట్టినవాళ్లం రోగిని ప్రశ్నించడమేమిటి?

ఈ కథ చదివినప్పుడల్లా మాకు మరో తెలుగువాడు గుర్తుకొస్తారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నడిపిన బృందం అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. కణం విడిపోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు అచ్చం దానిలాగే కనిపించి దాని పని జరగనివ్వదు. అప్పటివరకు రక్త క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు చికిత్స అంటూ లేదు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ మందును 16 మంది పిల్లలకు ఇచ్చారు. వారిలో 10 మందికి కొంతకాలమైనా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ అన్న మందు ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో వాడుతున్నారు. ఆ పసివాళ్లు ఏ పాపం చేశారని ఆయన ఆగి ఆలోచించి ఉంటే ఆ మందు వచ్చేదా?

జాడ వెతకడం అంటే వెంటనే మణి చేతికి రావడం కాదు. గుహ బయట కొన్నాళ్లు చూసి ద్వారక వాసులు వెనుదిరిగారు. లోపల శ్రీకృష్ణుడు ఇరవై ఎనిమిది రోజులు పోరాడాడు. రాస్ విషయంలోనూ అంతే. 1982లో తప్పు అక్షరం దొరికింది. కానీ ఆ ప్రోటీనుకు మందు కనుక్కోవడం అసాధ్యమని ఎందరో వదిలేశారు. రెడ్డి గారి ప్రయోగశాలలో పుట్టిన రిగోసెర్టిబ్ అనే మందును, మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని ఒక జబ్బు మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. 2014లో ఒకసారి, 2020లో మరోసారి, అది రోగుల ఆయుష్షును పెంచినట్టు రుజువు కాలేదు. ఇంకో బృందం తయారుచేసిన సోటోరాసిబ్‌కు 2021 మేలో అమెరికాలో అనుమతి లభించింది. రాస్ ప్రోటీనునే సూటిగా పట్టుకునే మందుల్లో అనుమతి పొందినది అదే మొదటిది. అది కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కనిపించే ఒక రకం మార్పుకే. అక్షరం దొరికిన నాటి నుంచి లెక్కిస్తే ముప్పై ఎనిమిదేళ్లు దాటింది. ఫలం తన చేతికి వస్తుందో లేదో తెలియకుండా ఒక జీవితకాలం పనిచేయడం ఎలా ఉంటుందో, నిష్కామ కర్మ గురించి మనం ప్రవచనాల్లో విన్నదానికంటే ఇది బాగా చెబుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాపం కాదన్నామని కారణమే లేదనుకోకూడదు. పొగాకు క్యాన్సర్‌కు కారణం. నోటికి, ఊపిరితిత్తులకే కాదు, మూత్రాశయానికి కూడా. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటున్న ఆడవారిలో అంగిలి క్యాన్సర్ కనిపిస్తుందని డాక్టర్లు ఎన్నడో గుర్తించారు. ఇక్కడ సైట్లలో పనిచేసే మన తమ్ముళ్ల జేబుల్లో ఖైనీ, గుట్కా ఉన్నాయని మనకు తెలుసు. అది మాన్పించడం మన ధర్మం. అయితే కారణం చెప్పడం వేరు, నింద వేయడం వేరు. కారణం జబ్బు రాకముందు చెబితే ఉపకారం, మానితే మేలు జరుగుతుంది. జబ్బు వచ్చినవాడి మంచం పక్కన "అప్పుడే చెప్పాను" అనడం ఎవరికీ పనికిరాదు. చుట్ట ముట్టనివారికీ ఈ జబ్బు వస్తుంది, జీవితమంతా కాల్చినవారిలో రానివారూ ఉన్నారు.

మరో భయం కూడా మన ఇళ్లలో ఉంది. "బయటికి చెబితే పిల్లకు సంబంధాలు రావు" అని జబ్బును దాచడం. క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతం మాత్రమే. టి24లో కనిపించిన మార్పు లాంటివి సాధారణంగా ఆ కణితిలోని కణాలకే పరిమితం, బిడ్డలకు సంక్రమించవు. దాచడం వల్ల జరిగేది ఒక్కటే, చికిత్స ఆలస్యం కావడం. కతార్‌లో ప్రాథమిక ఆరోగ్య సంస్థ 2016లో ముందస్తు పరీక్షల కార్యక్రమం ప్రారంభించింది. 45 నుంచి 69 ఏళ్ల స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ కోసం, 50 నుంచి 74 ఏళ్ల స్త్రీ పురుషులకు పెద్దపేగు క్యాన్సర్ కోసం పరీక్షలు దాని ఉద్దేశం. మన ఆరోగ్య కేంద్రంలో హెల్త్ కార్డు చూపించి వివరాలు అడగవచ్చు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మాట మారిస్తేనే మనవాళ్లు ధైర్యంగా అక్కడికి వెళతారు.

మళ్లీ కథ దగ్గరికి వద్దాం. శ్రీకృష్ణుడు చవితినాడు చంద్రుణ్ణి చూసిన మాట నిజమే. దానివల్ల కష్టం వచ్చిందనీ కథ చెబుతుంది. కానీ మణి మాత్రం ఆయన తీయలేదు. కష్టం వచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు. ఇంతకంటే సూటిగా ఇంకెవరు చెప్పాలి? ఇక మణి తిరిగి వచ్చాక సత్రాజిత్తు ఏం చేశాడు? నిందమోపినవాడు తానే కాబట్టి సిగ్గుపడి, తప్పు ఒప్పుకొని, క్షమించమని వేడుకొని, కూతురు సత్యభామను కృష్ణుడికిచ్చి పెళ్లి చేశాడు. కథలో మనం ఎప్పుడూ మనల్ని కృష్ణుడి పక్షాన ఊహించుకుంటాం. ఈసారి మేము సత్రాజిత్తు స్థానంలో నిలబడి కథ విన్నాం.

ఈ చవితికి ఆ సోదరి ఇంటికి మేమే వెళ్తున్నాం. ముందు క్షమాపణ చెప్పి, తరువాతే ఉండ్రాళ్లు పెడతాం. ఆవిడ ఒప్పుకుంటే కథ ఆవిడ చేతనే చదివిస్తాం. మీ వీధిలో, మీ విల్లాలో, మీ ఆఫీసులో ఇలా దూరమైనవారు ఎవరైనా ఉంటే, పూజ అయ్యాక చేతిలో మిగిలిన అక్షింతలతో వారి గుమ్మం దాకా వెళ్లమని మనవి. ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరికే కూర్చోండి. "ఎందుకు వచ్చింది" అని మాత్రం అడగకండి, "ఏం కావాలి" అని అడగండి.

విఘ్నేశ్వరుడు మన నోటికి మంచి మాటనూ, జబ్బుపడినవారికి స్వస్థతనూ ప్రసాదించుగాక.